మాస్టారి అగ్గిపెట్టె

అందరికీ నమస్కారం.

ఇవాళ దురద గురించి మాట్లాడతారని ఇందాక పరిచయం చేసినవారు అనగానే ముందు వరుసల్లో నలుగురైదుగురి చేతులు మెడ మీదికీ మోచేతుల మీదికీ వెళ్లాయి. నేను చూశాను. ఇబ్బంది పడకండి, ఎవరికైనా అంతే. జర్మనీలో కొందరు పరిశోధకులు సరిగ్గా ఈ సంగతి తేల్చుకోవడానికే దురద మీద ఒక బహిరంగ ఉపన్యాసం పెట్టి, వినడానికి వచ్చినవాళ్లను వీడియో తీశారు. తెర మీద పురుగులు, దద్దుర్లు, గోకిన చారలు చూపించినంతసేపూ జనం ఎక్కువ గోక్కున్నారు. పసిపిల్లల మెత్తటి ఒళ్లు, స్నానం చేసేవాళ్ల బొమ్మలు వచ్చేసరికి తగ్గింది. అక్కడ ఎవరి ఒంటి మీదా ఏదీ పాకలేదు. అయినా దురద నిజంగానే పుట్టింది, గోళ్లు నిజంగానే గీరాయి.

నేను చర్మవ్యాధుల డాక్టర్ని. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. ఈ సాయంత్రం ముందుగా మీకు ఒక మాస్టారి గురించి చెప్పాలి. ఆయన ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఆయన గదిలోకి రాకముందే వాసన వచ్చింది. పత్తి చేలో మందు కొట్టినప్పుడు వచ్చే వాసన. కూర్చోమంటే కూర్చోలేదు. "కుర్చీకి అంటుకుంటాయమ్మా, మీ తర్వాతి పేషెంటుకు ఎక్కుతాయి" అన్నారు. చొక్కా జేబులోంచి అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టి, రెండు వేళ్లతో మెల్లగా నెట్టి తెరిచారు. లోపల పుల్లలు లేవు. తెల్ల కాగితం ముక్కల్లో మడిచిన చిన్న చిన్న పొట్లాలు ఏడు. ఒక్కో దాని మీద గుండ్రటి అక్షరాలతో తేదీ, చోటు, వేళ: "ఎడమ భుజం, రాత్రి 2 గం." ముప్ఫై ఏళ్లు బ్లాక్‌బోర్డు మీద రాసిన చేతి రాత అది.

ఏడు పొట్లాలూ విప్పాం. ఒక్కొక్కటీ మైక్రోస్కోపు కింద పెట్టి, ముందు నేను చూసి తర్వాత ఆయన్ని చూడమన్నాను. పొట్టు రేగిన చర్మం, ఎండిన రక్తపు చెక్కు, ఒక చీమ కాలు, ఎర్రటి నూలు పోగు, ఇంకా కొంత దుమ్ము. నలభై నిమిషాలు పట్టింది. పురుగు లేదు. "పగలు దొరకవమ్మా, చాలా తెలివైనవి" అన్నారాయన.

చొక్కా విప్పమన్నాను. చేతుల మీద, ఛాతీ మీద, భుజాల మీద పుళ్లు. కొన్ని కొత్తవి, కొన్ని మాని మచ్చ పడినవి. వీపు నడిమధ్య మాత్రం, చేయి అందని చోట, చర్మం శుభ్రంగా ఉంది. పురుగులైతే అక్కడ ఎందుకు వదిలేస్తాయి? పుళ్లు చేస్తున్నవి ఆయన గోళ్లేనని ఆ వీపు చెప్పింది. పరుపు కాల్చేశారు. మంచం మీదా చేతుల మీదా పురుగుమందు కొట్టుకున్నారు. వరండాలో గచ్చు మీద పడుకుంటున్నారు. మనవలకు అంటుతుందని కోడలు పిల్లల్ని పంపడం మానేసింది. భార్య పోయి ఏడాదిన్నర.

వైద్యంలో దీనికి డెల్యూజనల్ పారాసైటోసిస్ అని పేరు. ఒంట్లో పురుగులున్నాయన్న నమ్మకం, ఎవరు ఏం చూపించినా సడలని నమ్మకం. స్వీడన్ వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బామ్ 1938లో దీన్ని వివరంగా రాశాడు కాబట్టి ఎక్‌బామ్ సిండ్రోమ్ అని కూడా అంటారు. పేషెంటు ఇలా డబ్బాలో పెట్టి తేవడాన్ని పుస్తకాల్లో "అగ్గిపెట్టె గుర్తు" అని రాస్తారు. ఇప్పుడు జిప్‌లాక్ కవర్లు, ఫోన్లో జూమ్ చేసిన ఫోటోలు వస్తున్నాయి. ఆ గుర్తు పేరు చెప్పగానే మెడికల్ విద్యార్థులు నవ్వుతారు. నాకు ఆ నవ్వు అంటే పడదు. నిద్ర లేని మనిషి రాత్రి రెండు గంటలకు దీపం పెట్టుకుని, రుజువు కోసం కాగితాలు మడుస్తున్న దృశ్యం అది. మిగతా అన్ని విషయాల్లో మాస్టారి బుర్ర చక్కగా పనిచేస్తోంది. పెన్షన్ లెక్కలు, పేపర్లో వార్తలు, పాత విద్యార్థుల పేర్లు, ఏదీ తప్పిపోలేదు.

మనం రోజూ అనే మాట ఒకటి ఉంది. కాలు తిమ్మిరెక్కితే "చీమలు పాకినట్టు ఉంది" అంటాం. ఇంగ్లీషు వైద్యంలో ఈ అనుభూతికి ఫార్మికేషన్ అంటారు, లాటిన్‌లో చీమ అన్న మాట నుంచే పుట్టింది. అంటే మన అమ్మమ్మలకూ ఆ లాటిన్ పండితులకూ తోచింది ఒకటే పోలిక. మాస్టారి జబ్బులో జరిగిందల్లా ఆ మాట చివరి "అట్టు" రాలిపోవడం. పాకినట్టు ఉంది అనే చోట పాకుతున్నాయి అంటున్నారు. అనుభూతి ఉంది. దానికి ఆయన చెప్పుకున్న కారణం లేదు. ఈ రెంటినీ విడదీయకుండా "నీకేం లేదు, పో" అన్నామంటే మనం అబద్ధమాడుతున్నట్టే.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి. "పురుగు ఉంది" అన్న పేషెంటుదే నిజమై, "లేదు" అన్న డాక్టర్లదే తప్పైన చరిత్ర కూడా మాకుంది.

గజ్జి విషయం చూడండి. 1687లో ఇటలీ వైద్యుడు బొనోమో ఒక ఉత్తరం రాశాడు. పేద తల్లులు పిల్లల గజ్జి పొక్కుల దగ్గర సూది మొనతో ఏదో నలుసు తీసి గోటి మీద చిట్లించడం చూశాననీ, తాను కూడా అలాగే తీసి మైక్రోస్కోపులో చూస్తే కాళ్లున్న చిన్న ప్రాణి కనిపించిందనీ రాశాడు. పెద్ద వైద్యులు ఒప్పుకోలేదు. గజ్జి అంటే ఒంట్లో రసాలు చెడటమే అన్నారు. మన ఊళ్లలో "రక్తం చెడింది" అన్నట్టే. తర్వాత 1812లో పారిస్‌లో గాలే అనే ఆయన ఆ పురుగును చూశానని థీసిస్ రాశాడు. తీరా ఆయన వేయించిన బొమ్మ జున్నులో పెరిగే పురుగుదని తేలింది. దాంతో అసలు పురుగే లేదన్న వాదం ఇంకా బలపడింది. చివరికి 1834లో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో రెనూచి అనే కోర్సికా విద్యార్థి అందరి ఎదుటా సూదితో గజ్జి పురుగును తీసి చూపించాడు. ఆ పద్ధతి అతనికి నేర్పింది ప్రొఫెసర్లు కాదు. వాళ్ల ద్వీపంలో ఆడవాళ్లు పిల్లలకు అలాగే తీస్తుంటే చూసి నేర్చుకున్నాడు. డాక్టర్లు నీటి పొక్కులో వెతికారు. పురుగు ఉండేది పొక్కులో కాదు, దాని పక్కన చర్మంలో తొలిచిన సన్నటి సొరంగం చివర. ఆ తల్లులకు ఇది తెలుసు.

బొనోమో ఉత్తరం నుంచి రెనూచి సూది దాకా 147 ఏళ్లు. అంతకాలం పేద తల్లుల మాటకు విలువ లేకపోయింది.

గజ్జి పురుగు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు ఉంటుంది, అంటే అర మిల్లీమీటరు కన్నా చిన్నది. మామూలు గజ్జి పేషెంటు ఒంటి మీద మొత్తం కలిపి పది పదిహేను కంటే ఎక్కువ ఉండవు. మొదటిసారి అంటుకున్నప్పుడు దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కాబట్టి ఒకసారి చూసి దొరకలేదని "అంతా మీ భ్రమ" అనడానికి ఏ డాక్టరుకూ అధికారం లేదు. వేళ్ల సందులు, మణికట్టు, బొడ్డు చుట్టూ, మర్మాంగాలు అన్నీ చూడాలి. ఇంట్లో ఇంకెవరికైనా రాత్రిళ్లు దురద ఉందా అని అడగాలి. ఆ తర్వాత రక్తపరీక్షలు. విటమిన్ బీ12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, రక్తం తగ్గినా, షుగర్ ఉన్నా, కిడ్నీలు, లివర్ దెబ్బతిన్నా చర్మం మీద దురదో మంటో పాకుడో రావచ్చు. పార్కిన్సన్స్ జబ్బుకు వాడే కొన్ని మందుల వల్ల కూడా వస్తుంది. కొకైన్, ఆంఫిటమిన్ లాంటి మత్తుమందులైతే చెప్పనక్కర్లేదు.

ఈ జాబితా నాకు పుస్తకాల వల్ల రాలేదు. ఒక తప్పు చేసి నేర్చుకున్నాను. ప్రాక్టీసు మొదలెట్టిన కొత్తలో నలభై దాటిన ఒక ఆవిడ వచ్చారు. ఒంటి మీద మచ్చ లేదు, దద్దురు లేదు, దురద మాత్రం విపరీతం. అదే ఏడాది కూతురి పెళ్లి చెడింది, ఇంట్లో గొడవలు. నేను అన్నీ విని "టెన్షన్ వల్లమ్మా" అన్నాను. నిద్రమాత్ర రాసి పంపాను. నాలుగు నెలల తర్వాత పచ్చకామెర్లతో వేరే ఆసుపత్రిలో చేరారు. పిత్తం వెళ్లే దారి మూసుకుపోతోంది. మొదటి రోజే ఆవిడ నాతో ఒక మాట అన్నారు: "అరిచేతులూ అరికాళ్లూ రాత్రయితే తట్టుకోలేనండీ." అది లివర్ దురద మాట్లాడే భాష. నా చీటీలో ఆ మాట నా చేత్తోనే రాసి ఉంది. రాసుకున్నాను గానీ వినలేదు. పెళ్లి చెడిందన్న సంగతి వినగానే నాకు కారణం దొరికేసింది, ఇంక వెతకలేదు.

"మనసు వల్ల" అన్నది డాక్టరు ఏమీ దొరకనప్పుడు రాసే మాట కాకూడదు. దానికీ రుజువు కావాలి. కడుపులో పుండుకు టెన్షనే కారణమని ఎన్నేళ్లు చెప్పాం! దానికి ఒక బ్యాక్టీరియా ముఖ్య కారణమని చూపించిన మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ ఇచ్చారు.

మరి పేషెంటు తనకు తానే పెట్టుకున్న జబ్బు పేరును నమ్మేయమంటారా? లేదు. అనుమానం రెండు వైపులా ఉండాలి. చదువుకున్నవాళ్లు ఇలా పొరబడరు అనుకుంటారు చాలామంది. జే ట్రేవర్ సంగతి చెబుతాను. అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం ప్రొఫెసర్. మేఫ్లై అనే కీటకాల మీద పేరున్న నిపుణురాలు. కీటకాలను గుర్తుపట్టడమే ఆవిడ వృత్తి. 1951లో వాషింగ్టన్ కీటకశాస్త్ర సంఘం పత్రికలో ఆవిడ ఒక వ్యాసం రాశారు. తన తలచర్మంలో పురుగులు చేరాయని, ఏళ్ల తరబడి వదలడం లేదని. డీడీటీ అనే పురుగుమందుతో సహా ఎన్నో ఘాటైన మందులు తన ఒంటి మీదే వాడారు. పురుగుల్ని బయటికి లాగాలని గోళ్లతో తలను తవ్వుకున్నారు. ఆవిడ చెప్పిన పురుగు జాతి ఇళ్లలో దుమ్ములో ఉండి, మనం రాల్చిన చర్మపు పొట్టు తిని బతికేది. అది మనిషి చర్మంలో కాపురం పెట్టదు. ఆవిడది ఎక్‌బామ్ రాసిన జబ్బేనని తర్వాతివాళ్లు గట్టిగా చెబుతున్నారు. ఒక శాస్త్రవేత్త తన శాస్త్రం మొత్తాన్ని తన మీదికే తిప్పుకుని అన్నేళ్లు నరకం పడ్డారు. ఆవిడ గురించి చదివిన ప్రతిసారీ నాకు మాస్టారి పొట్లాల మీది గుండ్రటి అక్షరాలు గుర్తొస్తాయి.

ఇక మార్జెలాన్స్, చర్మంలోంచి రంగు పోగులు వస్తున్నాయని కొందరు చెప్పుకునే జబ్బు. మన దగ్గర ఈ పేరు పెద్దగా వినపడదు గానీ అమెరికాలో బంధువులున్నవాళ్లు విని ఉంటారు. ఒక తల్లి తన చిన్న కొడుకు పెదవి కింద మానని పుండు చూసి, బొమ్మ మైక్రోస్కోపులో పరీక్షిస్తే ఎరుపు, నీలం, నలుపు రంగు పోగులు కనిపించాయి. డాక్టర్ల చుట్టూ తిరిగింది, ఎవరూ ఆమె చెప్పిన జబ్బు ఉందని అనలేదు. 2002లో ఆమే దానికి పేరు పెట్టింది. పదిహేడో శతాబ్దపు ఆంగ్ల వైద్యుడు థామస్ బ్రౌన్, ఫ్రాన్స్‌లో పిల్లల వీపు మీద బిరుసు వెంట్రుకలు లేచే జబ్బు గురించి రాస్తూ వాడిన పేరు అది. ఆ జబ్బుకూ దీనికీ సంబంధం లేదు. అయినా పేరు దొరికింది. పేరు దొరికితే ఎంత ఊరటో జబ్బు పడ్డవాళ్లకే తెలుస్తుంది. ఆమె ఒక సంస్థ పెట్టింది. మాకూ అదే అంటూ వేలమంది వచ్చారు. కెనడా గాయని జోనీ మిచెల్ 2010లో తనకూ అదే ఉందని చెప్పుకుంది.

నాకు నచ్చింది తర్వాత జరిగిన పని. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వీళ్లను కొట్టిపారేయకుండా 2008లో అధ్యయనం మొదలుపెట్టింది. ఉత్తర కాలిఫోర్నియాలో ఇలాంటి బాధ చెప్పినవాళ్లను 115 మందిని గుర్తించారు. అంటే లక్ష మందిలో నలుగురు కూడా లేరు. ముక్కాలు మంది ఆడవాళ్లు, ఎక్కువమంది నడివయసువాళ్లు. ఒప్పుకున్నవాళ్ల చర్మం ముక్కలు, రక్తం, వెంట్రుకలు, పుళ్లలోంచి తీసిన పోగులు అన్నీ ల్యాబుకు పంపారు. 2012 జనవరిలో ఫలితం అచ్చు వేశారు. పురుగు లేదు, అంటుకునే క్రిమి ఏదీ లేదు. పోగుల్లో చాలా వరకు సెల్యులోజ్, అంటే నూలు బట్టలోంచి వచ్చినవే అయి ఉండాలి. పుండు తడిగా ఉంటే చొక్కా పోగు అంటుకుంటుంది కదా, అదే. వెంట్రుకలు పరీక్షించినవాళ్లలో సగం మందిలో ఏవో మందుల ఆనవాళ్లు దొరికాయి. చాలామందికి ఒంట్లో ఇంకా రకరకాల బాధలు, దిగులు. ఆ తల్లి పెట్టిన సంస్థ కూడా అదే ఏడు మూతపడింది.

ఇంత చేసినా నమ్మనివాళ్లు నమ్మలేదు. ఒక్కటి మాత్రం జరిగింది. ఇప్పుడు ఏ డాక్టరైనా "ఇది పత్తి పోగు" అన్నప్పుడు, అది చూసి చెప్పిన మాట.

మన ఊళ్లలో సొంత వైద్యం వేరే దారిలో నడుస్తోంది. ఫోన్లో బొమ్మ చూసి పోల్చుకోవడం కొత్త అలవాటు. దానికన్నా ముందునుంచీ మందుల షాపు ఉంది. తొడల మధ్య తామర వస్తే "ఎలర్జీ" అంటాం, శోభి మచ్చ కనిపిస్తే "బొల్లి" అని వణికిపోతాం, ముఖం మీద చెమటకాయలు లేస్తే "వేడి చేసింది" అంటాం. షాపులో స్టిరాయిడ్ కలిసిన ట్యూబు ఇస్తారు. మూడు రోజుల్లో ఎరుపు పోతుంది, కింద తామర మాత్రం పాకుతూనే ఉంటుంది. ఆరు నెలలు రాసుకుని పలచబడ్డ చర్మంతో వచ్చే పిల్లల్ని వారానికి నలుగురైదుగుర్ని చూస్తున్నాను. ప్రిస్క్రిప్షన్ లేకుండా ఇలాంటివి అమ్మకుండా కేంద్రం 2018లో చాలా రకాల స్టిరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితాలో చేర్చింది. కౌంటర్ దగ్గర అడగండి, చీటీ లేకపోయినా ఇస్తున్నారు. నాకు కోపం వచ్చే విషయం ఇది.

మాస్టారి దగ్గరికి వద్దాం. బీ12 తక్కువ ఉంది, ఇంజెక్షన్లు మొదలుపెట్టాం. పుళ్లకు మందు వేశాం. పురుగుమందు మానేయమని బతిమాలాను. అది చర్మంలోంచి రక్తంలోకి వెళితే ప్రాణం మీదికి వస్తుంది. పాకుడు తగ్గలేదు. మనసు డాక్టరు దగ్గరికి పంపుతానంటే ముఖం మాడిపోయింది. "నన్ను పిచ్చివాడనుకుంటున్నావా అమ్మా?" అన్నారు. అప్పటిదాకా "మీరు" అన్న మనిషి.

మూడోసారి వచ్చినప్పుడు ఇలా చెప్పాను. "మాస్టారూ, మీకు పాకుతున్నట్టు అనిపిస్తోంది, అది అబద్ధమని నేను అనను. పురుగు నాకు కనిపించలేదు, కనిపించిందని కూడా అనలేను. చర్మం నుంచి మెదడుకు వెళ్లే కబురు దారిలో తేడా చేస్తోందని నా లెక్క. ఈ చిన్న మాత్ర ఆ దారి మీద పనిచేస్తుంది. డబ్బాలో కాగితం చదువుతారు మీరు, మానసిక జబ్బులకు అని రాసి ఉంటుంది, ముందే చెబుతున్నాను. ఆరు వారాలు వాడి చూడండి." ఆయన చాలాసేపు అగ్గిపెట్టె వైపు చూశారు. తర్వాత చీటీ మడిచి అదే పెట్టెలో పెట్టుకున్నారు.

అది రిస్పెరిడోన్, బాగా తక్కువ మోతాదు. రెండు నెలలకు "ఉన్నాయమ్మా, కానీ నెమ్మదించాయి" అన్నారు. ఐదో నెలలో కుర్చీలో కూర్చున్నారు. ఆ ఎండాకాలం మనవలు వచ్చి పది రోజులున్నారట. "పురుగులు వెళ్లిపోయాయి" అంటారే గానీ అసలు లేవని ఆయన ఈరోజు వరకూ అనలేదు. నేనూ అనిపించాలని చూడలేదు.

మీ ఇంట్లో ఇలాంటివారు ఉంటే నావి రెండు మాటలు. "ఏవీ, చూపించు" అని ఎగతాళి చేయొద్దు, "అవును, నాకూ కనిపిస్తోంది" అని సర్దుకుపోవద్దు కూడా. ఇంట్లో ఒకరి నమ్మకం ఇంకొకరికి అంటుకుని ఇద్దరూ గోక్కుంటూ రావడం నేను చూశాను. రాత్రి పక్కన కూర్చోండి. నిద్ర పట్టడం లేదు కదా అనండి. దాన్ని వాళ్లు ఒప్పుకుంటారు. అక్కడి నుంచి డాక్టరు దగ్గరికి తీసుకురావడం తేలిక.

ప్రశ్నలు అడగబోయే ముందు, ఈ పక్క బల్ల మీద రెండు మైక్రోస్కోపులు పెట్టాను. ఒక గాజు పలక మీద గజ్జి పురుగుంది, చచ్చిందే, భయం లేదు. ఇంకోదాని మీద మా ఇంటి తువ్వాల్లోంచి తీసిన నూలు పోగు, మెలి తిరిగిన రిబ్బనులా కనిపిస్తుంది. కావాలంటే మీ కండువాలోంచో కొంగులోంచో ఒక పోగు తీసి ఇవ్వండి, పెట్టి చూపిస్తాను. వరుసగా రండి. పిల్లల్ని ముందు రానివ్వండి, వాళ్లకోసం స్టూలు వేయించాను.